వీధి లేని ఊళ్లో వేషం

మా అన్నయ్య హైదరాబాదులో ఒక గేమ్‌ల కంపెనీలో సర్వర్ ప్రోగ్రామర్. నేను ఆటలు తయారుచేయను, ఆడతాను. అదీ గెలవడానికి కాదు. పదకొండేళ్లుగా ఆన్‌లైన్ ఆటల్లో రోల్‌ప్లే చేస్తున్నాను. అంటే ఒక పాత్ర కట్టుకుని, ఆ పాత్రలాగే నడిచి, ఆ పాత్రలాగే మాట్లాడి, ఎదుటివాళ్ల పాత్రలతో కలిసి బతకడం. ఈ సంక్రాంతికి తెనాలిలో ఇంటికి చేరినప్పుడు అన్నయ్య ఒక సంగతి కదిపాడు. వాళ్లు కొత్తగా కడుతున్న ఆటలో రోల్‌ప్లే ఆడేవాళ్ల కోసం ఏమైనా పెట్టాలా వద్దా అని ఆఫీసులో చర్చ నడుస్తోందట. తన ఓటు వద్దనే. భోజనాల దగ్గర మొదలై డాబా మీదికి ఎక్కిన ఆ మాటలు గుర్తున్నంత మేరకు ఇక్కడ రాశాను. అన్నయ్యకు చూపించి, తన వాదన బలం నేను తగ్గించలేదని ఒప్పించుకున్నాకే పంపుతున్నాను.

అన్నయ్య: సూటిగా చెప్తాను. ఆటలోకి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి కావలసింది గెలుపు. మీరు కొద్దిమంది. మీ కోసం ఒక్కో సౌకర్యం రాయాలంటే మాకు నెలల పని. పైగా మీకు ఇచ్చినా ఇవ్వకపోయినా ఎలాగో ఆడుకుంటారు. చిన్నప్పుడు మన వీధిలోకి తుపాకి రాముడు వచ్చేవాడు, గుర్తుందా? ఖాకీ కోటు, పాత టోపీ, కొయ్య తుపాకి. ఆయనకి ఏ సాఫ్ట్‌వేర్ కావలసొచ్చింది?

నేను: నీకు ఆయన గుర్తున్నాడు. నాకు వీధి కూడా గుర్తుంది. అరుగు మీద తాతయ్య, కిళ్లీకొట్టు దగ్గర నలుగురు, కుళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లు. ఆయన తన కోటలు, ఏనుగులు అని కోతలు కోస్తుంటే కిళ్లీకొట్టు ఆయన "అవన్నీ సరే దొరగారూ, నా పాత బాకీ సంగతేంటి" అనేవాడు. ఆ ఒక్క మాటతో కొట్టు ఆయన కూడా వేషం కట్టినట్టే. దొరకి కొయ్య తుపాకి లేకపోయినా జరుగుతుంది అన్నయ్యా. తొందర లేని ఆ నలుగురు లేకపోతే జరగదు. మీ ఆటల్లో కరువైంది వాళ్లే.

అన్నయ్య: మా ఆటలో నగరాలే ఉన్నాయి. సత్రాలు, సంతలు, రేవులు, అన్నీ గీశాం.

నేను: గీశారు. అక్కడ నిలబడే పనేముంది? వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004లో వచ్చింది. మొదట్లో డన్జన్‌లోకి, అంటే రాక్షసులుండే నేలమాళిగలోకి, పోవాలంటే ఐదుగురు కావాలి కాబట్టి నగరంలో నిలబడి అడుక్కోవాలి. దొరికాక అందరూ కలిసి దారి పట్టాలి. ఆ దారిలో మాటలు కలిసేవి. 2009 డిసెంబరులో డన్జన్ ఫైండర్ పెట్టారు. మీట నొక్కితే ఎక్కడెక్కడి సర్వర్ల నుంచో నలుగురిని తెచ్చి, నిన్నూ వాళ్లనూ నేరుగా లోపల దింపుతుంది. పని అయ్యాక ఎవరి దారి వారిది. వాళ్లతో ఒక్క మాట కూడా మాట్లాడక్కర్లేదు.

అన్నయ్య: దాన్ని తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ వాళ్ల చేతిలో టైముంది. పగలంతా ఉద్యోగం చేసి, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి ఒక్క గంట ఆడుకునే మనిషి ఆ గంటా సంతలో నిలబడి అరవాలా? ఫైండర్ వచ్చిన మరుసటి ఏడు, 2010 అక్టోబరులో, ఆ ఆట చందాదారులు కోటీ 20 లక్షలు దాటారు. జనం దేన్ని కోరుకున్నారో ఆ అంకె చెప్పడంలా?

నేను: ఆ మనిషికి ఫైండర్ ఉండనీ. నేను తీసెయ్యమనను. నేననేది, దాంతోపాటు మనిషికి మనిషి అవసరమయ్యే చోట్లు కూడా ఒక్కొక్కటే పోయాయని. 2003లో వచ్చిన స్టార్ వార్స్ గెలాక్సీస్ చూడు. ఆ పేరు వింటే వెలుగు కత్తి తిప్పే జెడై గుర్తొస్తాడు కదా. దాని రూపకర్త రాఫ్ కోస్టర్ అందులో నాట్యం చేసేవాళ్లకు, వాద్యగాళ్లకు వృత్తులు పెట్టాడు. పోరాడి పోరాడి వచ్చినవాడి మనసు అలిసిపోతుంది, ఆ అలసట మందులతో పోదు. ఊళ్లో క్యాంటీనా అనే పానశాలలో కూర్చుని ఎవరో ఆడుతుంటే చూడాలి, వాయిస్తుంటే వినాలి. జుట్టు తీరు మార్పించుకోవాలన్నా ఆ పని నేర్చిన ఇంకో ఆటగాడి దగ్గరికే పోవాలి. తుపాకులు ఆటగాళ్లు చేసినవే, చేసినవాడి పేరు వాటి మీదే కనిపించేది. పక్క ఊరికి పోయే షటిల్ కోసం నిమిషాల తరబడి రేవులో ఎదురుచూపులు. మన బస్టాండే అనుకో. యుద్ధం చేతకాని మనిషికి కూడా ఆ లోకంలో ఒక కులవృత్తి ఉంది, ఒక మర్యాద ఉంది.

అన్నయ్య: ఆ క్యాంటీనా కథ నాకూ తెలుసు. మా వాళ్లు దాన్ని ఇంకోలా చెప్పుకుంటారు. అక్కడ ఆడుతున్న బొమ్మల్లో చాలావాటి వెనక మనిషే లేడు. మాక్రో, అంటే మీటలు దానంతట అదే నొక్కే ఏర్పాటు, పెట్టేసి, కంప్యూటర్ అలా వదిలేసి పడుకునేవాళ్లు. బొమ్మ తెల్లవార్లూ ఆడుతుంది, వచ్చినవాడు దాని ముందు కూర్చుని అలసట తగ్గగానే లేచిపోతాడు. ఇటు యంత్రం, అటు అలసట తీరిందా లేదా అని మీటరు చూసుకునేవాడు. ఇందులో రోల్‌ప్లే ఎక్కడుంది? 2005 నవంబరులో ముప్పైకి పైగా ఉన్న వృత్తులను 9కి కుదించారు. 2011 డిసెంబరు 15న సర్వర్లు ఆపేశారు.

ఇక్కడ నేను కాసేపు మాట్లాడలేదు. ఆ కుదింపు మీద, దాన్ని అడ్డగోలుగా చేసిన తీరు మీద ఆడినవాళ్లకు ఇప్పటికీ కోపం చల్లారలేదు. కానీ మాక్రోల సంగతి అబద్ధం కాదు. దానికి జవాబు చెప్పకుండా ఆ కుదింపును తిట్టడం న్యాయం అనిపించలేదు.

నేను: ఒప్పుకుంటున్నాను. అక్కడ జరిగిన తప్పు ఏమిటంటే నాట్యానికి లెక్క కట్టారు. ఇన్ని గంటలు ఆడితే ఇంత నిపుణత, అంత నిపుణత వస్తే కొత్త అడుగులు. గంటల్ని కొలిస్తే గంటలే వస్తాయి. ఇప్పుడు ఇంకో ఆట చెప్తాను. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ ఆన్‌లైన్, 2007లో వచ్చింది. అందులో వీణలాంటివి, పిల్లనగ్రోవులు, డప్పులు ఉన్నాయి. కీబోర్డు మీద స్వరం స్వరం వాయించవచ్చు. లేదా ఏబీసీ అనే పద్ధతిలో స్వరాలు రాసుకుని, పదిమంది పది వాద్యాలు పంచుకుని కచేరీ చేయవచ్చు. దానివల్ల పోరాటంలో వచ్చే లాభం ఏమీ లేదు. అయినా బృందాలు కట్టారు, రిహార్సళ్లు వేసుకున్నారు. లాండ్రోవల్ సర్వర్‌లో వెదర్‌టాప్ కొండ మీద 2009 నుంచి ఏటేటా వెదర్‌స్టాక్ అని జాతర లాంటి కచేరీ పెట్టుకున్నారు. నిర్వహించింది ఆటగాళ్లే.

అన్నయ్య: అంటే ఇందాకటి మాట వెనక్కి తీసుకుంటున్నావు. అవసరం కల్పిస్తే మనుషులు కలుస్తారన్నావు. ఇప్పుడు అవసరం వద్దు, పరికరం చాలంటున్నావు.

నేను: సగం తీసుకుంటున్నాను. చేసినవాడి పేరు తుపాకి మీద ఉండటం, షటిల్ కోసం ఆగడం, ఇవి ఉండాలి, వాటివల్ల పరిచయాలు పుడతాయి. కానీ పాత్రలో ఉన్నందుకు పాయింట్లు మాత్రం ఇవ్వకు. ఇచ్చిన రోజున పాయింట్లకోసం నటించేవాడు వస్తాడు, వాడి పక్కన మేం ఉండలేం.

అన్నయ్య: మంచిది, నా పని తగ్గించావు. కానీ మా మేనేజరుకి చెప్పుకోవాలి కదా. కొలవనిదాన్ని లాభమని ఎలా చూపించను?

నేను: జీటీఏ ఫైవ్‌ను చూపించు. ఫైవ్‌ఎమ్ అని ఆటగాళ్లే సొంత సర్వర్లు కట్టుకునే పద్ధతి తయారుచేసుకున్నారు. 2015లో ఆ ఆట కంపెనీ రాక్‌స్టార్, ఫైవ్‌ఎమ్ తయారుచేసినవాళ్ల ఖాతాలు ఆపేసింది. అదే రాక్‌స్టార్ 2023 ఆగస్టులో ఆ బృందాన్ని తన సంస్థలో కలుపుకుంది. ఎనిమిదేళ్లలో మనసు మారిందంటే ఊరికే మారలేదు. దొంగగా, పోలీసుగా, అంబులెన్సు డ్రైవరుగా, మెకానిక్కుగా వేషం కట్టేవాళ్లతో ఆ సర్వర్లు నిండిపోయాయి. వాళ్లను చూడటానికే లక్షల జనం స్ట్రీములకు వచ్చారు.

అన్నయ్య: ఆ సర్వర్లు నడిచేది మీరనే సౌకర్యాల వల్ల కాదు, కట్టుబాట్ల వల్ల. కారణం లేకుండా చంపితే ఆర్డీఎమ్. బయట స్ట్రీములో విన్నది లోపల పాత్రకు తెలిసినట్టు ప్రవర్తిస్తే మెటాగేమింగ్. చచ్చి లేచాక ఎవరు చంపారో గుర్తుండకూడదు. తల మీద తుపాకి పెడితే భయపడాలి. ఇవేవీ కోడ్‌లో లేవు. అడ్మిన్లు కూర్చుని వీడియోలు చూసి తీర్పులు చెప్తారు. ఊరి పెద్దలు రచ్చబండ మీద చేసిన పనే. నన్నెందుకు అడుగుతావు?

నేను: సగం కోడ్‌లో ఉంది. అక్కడ మాట దూరాన్ని బట్టి వినిపిస్తుంది. గుసగుస ఒక దూరం, మామూలు మాట ఇంకో దూరం, కేక ఇంకా దూరం. గోడ పక్కన నక్కి వినాలంటే నిజంగానే దగ్గరికి రావాలి. ఈ ఒక్కటి లేకపోతే రహస్యం అనేదే ఉండదు. ఇంకోటి, అక్కడ చాలా సర్వర్లలో నీ పేరు నీ నెత్తి మీద తేలదు. వార్‌క్రాఫ్ట్‌లో నా పాత్ర మూలికలు అమ్ముకునే ఆడది, ఎప్పుడూ కత్తి పట్టదు. ఎదురొచ్చిన ప్రతివాడి నెత్తి మీదా పేరు కనిపిస్తూనే ఉంటుంది. తెలిసినా తెలియనట్టు నటించి "అయ్యా, తమరెవరు" అని అడగాలి. పేరు చెప్పడం అనేది పరిచయంలో మొదటి మెట్టు అన్నయ్యా. ఆ మెట్టు మీరు కొట్టేశారు.

అన్నయ్య: పేర్లు తీసెయ్యడం తేలికే, ఒక పూట పని. ఇంకా ఏం కావాలి మీకు? అసలు జాబితా చెప్పు.

నేను: నడవటం. ఏ ఆటలో అయినా బొమ్మ పరిగెడుతూనే ఉంటుంది. వార్‌క్రాఫ్ట్‌లో నంబర్ ప్యాడ్ మీద ఏటవాలు గీత మీట నొక్కితే నడుస్తుంది. ఆ మీట ఉందని ఏళ్ల తరబడి ఆడినవాళ్లకు కూడా తెలియదు. సంతలో వందమంది పరిగెడుతుంటే ఒకళ్లు నడుస్తూ కనిపించారంటే, వాళ్లు మా వాళ్లని దూరం నుంచే పోల్చుకుంటాను. పలకరింపు అక్కడే మొదలవుతుంది. తర్వాత కుర్చీ. గీసిన కుర్చీ మీద కూర్చోనివ్వని ఆటలు ఎన్ని ఉన్నాయో. బల్ల ఉంటుంది, గ్లాసులుంటాయి, నువ్వు మాత్రం బల్ల పక్కన యుద్ధానికి సిద్ధమైనట్టు నిలబడాలి. పోరాటానికి పనికిరాని మామూలు బట్టలు కావాలి. ఇల్లు కావాలి.

అన్నయ్య: ఇల్లు దగ్గర ఆగు. 1997లోనే అల్టిమా ఆన్‌లైన్ ఇళ్లిచ్చింది, నిజమైన నేల మీద. కొన్నాళ్లకే ఖాళీ జాగా దొరకడం గగనమైంది. ఫైనల్ ఫాంటసీ ఫోర్టీన్‌లో 2022లో ఇళ్లస్థలాలకు లాటరీ పెట్టాల్సొచ్చింది. మన ఊళ్లో పట్టాల పంపిణీ లాగే. వార్‌క్రాఫ్ట్ ఇరవై ఏళ్ల పాటు ఇల్లు ఊసెత్తలేదంటే ఈ తలనొప్పికి భయపడే.

నేను: ఇల్లు ఖరీదైందని ఒప్పుకుంటాను, అది చివర్లో పెట్టు. అన్నిటికంటే చవకైంది, నాకు అన్నిటికంటే ముఖ్యమైంది చెప్తాను. ఖాళీ గీత. మా పాత్ర ఏం చేస్తోందో మేమే రాసుకునే ఒక్క వరుస. మీరు రెండు వందల ఎమోట్లు గీస్తారు: నవ్వు, డాన్సు, చప్పట్లు. నా మూలికలామె కొనుగోలుదారు బేరం ఆడుతుంటే, తూకం వేసే చెయ్యి ఆపి, కొంగుతో నుదురు తుడుచుకుని, జవాబు చెప్పకుండా మళ్లీ తూస్తుంది. దానికి ఏ బొమ్మ గీస్తారు? అది రాసుకోనిస్తే చాలు. ఎదుటివాడు చదివి, తన గీతలో తాను జవాబు రాస్తాడు.

అన్నయ్య: వింటే బాగానే ఉంది. కానీ ఇప్పుడు అందరూ మైకులో మాట్లాడుతున్నారు. రాసుకోవడం పాతబడింది. గొంతులో వణుకు, తడబాటు, ఇవన్నీ అక్షరాల్లో రావు. నటనంటే అది.

నేను: గొంతుకు వేషం కట్టలేం అన్నయ్యా. ఒక తెలుగు సర్వర్‌లో కొన్నాళ్లు మైకుతో ఆడాను. నాది లారీ డ్రైవరు పాత్ర, మగవాడు. నోరు తెరవగానే నా పాత్ర ఎవరన్నది ఎవరికీ పట్టలేదు, అమ్మాయి వచ్చిందన్నదే మిగిలింది. ఏ ఊరు, పెళ్లయిందా, ఇన్‌స్టా ఐడీ ఏంటి. అడ్మిన్లకు చెప్తే "లైట్ తీసుకోండి" అన్నారు. మూడు వారాలకే మానేశాను. స్థానం నరసింహారావు గారు సత్యభామగా వస్తే, వచ్చింది సత్యభామేనని జనం నమ్మారు. ఆయనకు రంగస్థలం, ఆహార్యం ఆ అవకాశం ఇచ్చాయి. నాకు ఆ అవకాశం ఇచ్చేది అక్షరమే. అక్షరాల్లో ఆడిన ఇన్నేళ్లలో నన్ను ఎవరూ ఇన్‌స్టా అడగలేదు.

అన్నయ్య ఈ సంగతి అంతవరకూ వినలేదు. కాసేపు మౌనంగా ఉన్నాడు. ఆ సర్వర్ పేరేంటన్నాడు, నేను చెప్పలేదు.

అన్నయ్య: అదే నేను భయపడేది కూడా. ఎంత స్వేచ్ఛ ఇస్తే అంత పాడుచేసేవాళ్లు వస్తారు. అల్టిమా పరీక్షల్లో ఉండగా, 1997 ఆగస్టులో, దాని సృష్టికర్త రిచర్డ్ గారియట్ స్వయంగా లార్డ్ బ్రిటిష్ అనే రాజు వేషంలో జనానికి దర్శనమిచ్చాడు. ఒకడు నిప్పు మంత్రం విసిరితే రాజు చచ్చిపోయాడు. సర్వర్ పడిపోయి లేచాక తనకు చావు తగలకుండా చేసే ఏర్పాటు మళ్లీ పెట్టుకోవడం మరిచాడు పాపం. రాజుకే దిక్కు లేకపోతే మూలికలమ్మే ఆవిడ గతేంటి? 2000లో ఆ లోకాన్నే రెండుగా చేయాల్సొచ్చింది, ఇష్టం లేనివాళ్లను చంపడానికి వీల్లేనిది ఒకటి, వీలున్నది ఒకటి.

నేను: రాజు చచ్చిన ఆ రోజు గురించి జనం ఇప్పటికీ చెప్పుకుంటున్నారు, నువ్వూ చెప్తున్నావు. ఎవరూ రాయని కథ కాబట్టే అది నిలిచింది. నాకు ప్రమాదం అంటే అభ్యంతరం లేదు, దొంగ లేని అడవిలో వర్తకురాలికి పనేముంది? కానీ దొంగ ముందు దొంగలా మాట్లాడాలి, నాకు బదులు చెప్పే సందు ఇవ్వాలి. వెనకనుంచి వచ్చి చంపి పోయినవాడితో నాకు కథ లేదు. అందుకే ఎవరిని చూడకూడదో, ఎవరి మాట వినకూడదో ఎంచుకునే మీట కూడా గట్టిగా పెట్టండి. 2002లో వచ్చిన నెవర్‌వింటర్ నైట్స్‌లో ఇంకా బాగా చేశారు. ఒక మనిషి తెర వెనక సూత్రధారుడిలా కూర్చుని, అప్పటికప్పుడు పాత్రల్ని దింపి, కథను మలిచే ఏర్పాటు ఇచ్చారు. అది పెద్ద పని, నిన్ను అడగను.

అన్నయ్య: ఇంకొక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోకు. ఐరోపా సర్వర్‌లో రాత్రి ఎనిమిదంటే మనకు పన్నెండున్నర. అమ్మ నీ గదిలో లైటు చూసి ఎన్నిసార్లు నాకు ఫోన్ చేసిందో తెలుసా? ఈ లోకంలో నీకు దొరకనిది అక్కడేం దొరుకుతోంది? ఇది పారిపోవడం కాదా?

నేను: అమ్మ భయం అర్థమవుతుంది. నిద్ర విషయంలో ఆవిడే కరెక్టు. పారిపోవడం అన్న మాటకు మాత్రం మాట్స్ స్టీన్ గురించి చెప్తాను. నార్వే కుర్రాడు, 1989లో పుట్టాడు. డుషేన్ అనే కండరాల జబ్బు. చక్రాల కుర్చీ, చివర్లో వేళ్లు మాత్రమే కదిలేవి. 2014 నవంబరులో, పాతికేళ్లకు పోయాడు. స్నేహితులు లేకుండా, ఒంటరిగా బతికి పోయాడని తల్లిదండ్రులు కుమిలిపోయారు. అతని బ్లాగులో కబురు పెడితే, ఐరోపా అంతటి నుంచీ ఉత్తరాలు వచ్చిపడ్డాయి. అతను వార్‌క్రాఫ్ట్‌లో ఇబెలిన్ అనే పాత్ర. స్టార్‌లైట్ అనే రోల్‌ప్లే గిల్డ్‌లో, అంటే ఆటగాళ్ల జట్టులో, ఏళ్ల తరబడి ఉన్నాడు. వాళ్లు అంత్యక్రియలకు కూడా వచ్చారు. 2024లో బెంజమిన్ రీ ఆ కథను డాక్యుమెంటరీగా తీశాడు. ఆ సినిమాకు ఆధారం ఏంటో తెలుసా? గిల్డ్ వాళ్లు దాచుకున్న మాటలు, చేష్టలు, వేల పేజీలు. అంటే నేను ఇందాక అడిగిన ఆ ఖాళీ గీతలే. అతని తల్లిదండ్రులు కొడుకు ఎలా నవ్వించేవాడో, ఎవరితో పోట్లాడాడో, ఎవరి మధ్య రాజీ కుదిర్చాడో వాటిల్లోనే చదువుకున్నారు.

అన్నయ్య: ...అది చూశాను. ఆఫీసులో మా పక్క సీటు ఆయన చూపించాడు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. కానీ ఒక్కరి కథ చూపించి బడ్జెట్ అడగలేం.

నేను: అడగొద్దు. నేను చెప్పినవాటిల్లో డబ్బు ఖర్చయ్యేది ఎంత? నడక మీట, కుర్చీ, దూరాన్ని బట్టి మాట, పేరు దాచుకునే వీలు, రాసుకునే గీత.

అన్నయ్య: నడక, కుర్చీ చేస్తాం. పేర్ల సంగతి అడిగి చూస్తాను. గీత మాత్రం కష్టం. నీకు కావలసింది తెలుగులో కదా? మేం వాడే ఇంజిన్‌లో తెలుగు ఒత్తు అక్షరం కింద కూర్చోదు, విడిపోయి పక్కకు వచ్చి పడుతుంది. క్ష, స్త్ర లాంటివైతే చూడలేవు. సరిచేయాలంటే అక్షరాలు కూర్చే లైబ్రరీ వేరుగా కలపాలి. ఇంగ్లిష్ లిపిలో రాసుకోమని మా వాళ్ల నిర్ణయం.

నేను: ఇంగ్లిష్ లిపిలో వేషం నిలబడదు, రాస్తూ రాస్తూ ఇంగ్లిష్ భాషలోకే జారిపోతాం. ఇంగ్లిష్ సర్వర్‌లో రాజైనా బిచ్చగాడైనా ఒకటే "యూ". ఆ తెలుగు సర్వర్‌లో, మానేసిన దాన్లోనే, ఒక మంచి రాత్రి ఉంది. కొట్టు మీదికి దొంగతనానికి వచ్చినవాడు తుపాకి చూపించి కూడా కొట్టు ముసలాయన్ని "మీరు" అన్నాడు. ముసలాయన "ఏరా" అన్నాడు. తుపాకి ఎవరి చేతిలో ఉందో అందరం మరిచిపోయాం. ఆ సన్నివేశం ఏ ఫీచర్ వల్లా రాలేదు, రెండు మాటల వల్ల వచ్చింది. అలాంటిది నేను నా గొంతు దాచుకుని, తెలుగు అక్షరాల్లో, ఒత్తులు ఊడకుండా రాసుకునే చోటు ఇప్పటిదాకా నాకు ఒక్క ఆటలో దొరకలేదు. ఆ లైబ్రరీ కలుపు అన్నయ్యా. ఇల్లు అక్కర్లేదు, బట్టలు కూడా తర్వాత చూద్దాం. ముందు ఆ గీత ఇవ్వండి, మిగతాది మేం ఆడుకుంటాం.